‘పచ్చని కాపురం’ పుట్టిల్లు ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత హిట్ల మీద వేసిన వ్యాసం చదివాను. కృష్ణ, శ్రీదేవి నటించిన ‘పచ్చని కాపురం’ గురించి రాస్తూ, అది హిందీ ‘ప్యార్ ఝుక్తా నహీ’కి రీమేక్ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. తప్పు రాశారని అనను, సగం రాశారు. రెండూ 1985లోనే వచ్చాయి, అక్కడ మిథున్ చక్రవర్తి, పద్మినీ కొల్హాపురి, ఇక్కడ మనవాళ్లు, దర్శకుడు తాతినేని రామారావు, ఇదంతా కరెక్టే. కానీ ఆ కథ బొంబాయిలో మొదలవలేదండీ. అంతకు ఎనిమిదేళ్ల ముందే పాకిస్తాన్‌లో ఉర్దూలో వచ్చి, అక్కడి సినిమా చరిత్రలోనే ఎవరూ అందుకోలేనంత ఆడేసింది. ఆ మిగతా సగం చెబుదామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. కత్తిరించాల్సి వస్తే మధ్యలో ఎక్కడైనా కత్తిరించుకోండి, ఆఖరి పేరా మాత్రం ముట్టుకోకండి.

నాకెలా తెలిసిందో ముందు చెప్తాను. 1986లో నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఒక వీడియో లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. గల్ఫ్ నుంచి సెలవులకొచ్చేవాళ్లు బట్టల మధ్య నాలుగైదు క్యాసెట్లు పెట్టుకొచ్చేవాళ్లు, వాటిలో పాకిస్తాన్ టీవీ నాటకాలకు మా దగ్గర మంచి గిరాకీ. కాపీకి కాపీ తీసి, దానికి మళ్లీ కాపీ తీసినవి, బొమ్మ మీద అడ్డగీతలు, గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉండేది. అయినా జనం పట్టుకెళ్లేవాళ్లు. ఒకరోజు మస్కట్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఇచ్చిన క్యాసెట్ సరిగ్గా ఉందో లేదో చూడమని ఓనర్ నాకిచ్చాడు. వేసి కూర్చున్నా. అరగంట గడిచేసరికి నాకు మండుకొచ్చింది. డబ్బున్నవాడి కూతురు, జీతం మీద బతికేవాడు, ప్రేమ, పెళ్లి, మధ్యలో మామగారి డబ్బు, భార్యాభర్తలు విడిపోవడం, పిల్లవాడు... మొత్తం ‘పచ్చని కాపురమే’! వీళ్లెవరో మన కృష్ణ సినిమాని మక్కీకి మక్కీ కొట్టేశారండీ అని ఓనర్ ముందు గొంతు చించుకున్నాను. ఆ పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నాడు, నవ్వి, “బాబూ, ఇది తొమ్మిదేళ్ల కిందటి బొమ్మ” అన్నాడు.

అదే ‘ఆయినా’. ఉర్దూలో ఆ మాటకు అర్థం అద్దం. 1977 మార్చి 18న విడుదలైంది. నదీం హీరో, షబ్నం హీరోయిన్, దర్శకుడు నజ్రుల్ ఇస్లాం, సంగీతం రాబిన్ ఘోష్. కరాచీలో 401 వారాలు ఆడింది.

ఈ 401 వారాల గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఈ మధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది, ఎనిమిదేళ్లు ఒకే థియేటర్లో ఏకధాటిగా ఆడిన సినిమా అని. అది నిజం కాదు. ఇష్టమైన సినిమా కదా అని నేను దానికి తాళం వేయలేను. మనం రోజులు లెక్కపెడతాం, వంద రోజులు, నూట డెబ్బై ఐదు రోజులు అని. వాళ్లు వారాలు లెక్కపెడతారు. 25 వారాలకు సిల్వర్ జూబ్లీ, 50కి గోల్డెన్, 75కి ప్లాటినం, 100కి డైమండ్. పైగా ఒక ఊళ్లో సినిమా ఎన్ని హాళ్లలో ఆడితే అన్ని హాళ్ల వారాలూ కలిపి కూడతారు. అంటే ఒకే వారం నాలుగు హాళ్లలో ఆడితే లెక్కలోకి నాలుగు వారాలు వస్తాయి. మొదట వేసిన పెద్ద హాలు బాంబినోలో ‘ఆయినా’ ఆడింది 48 వారాలు. మిగతావన్నీ కరాచీలోని వేరే హాళ్లవి.

ఇలా చెప్పగానే మా అబ్బాయి “ఓస్, అంతేనా” అన్నాడు. అంతేనా ఏంట్రా? 48 వారాలంటే 336 రోజులు, అది ఒక్క హాలు లెక్క. పెద్ద హాళ్లలోంచి దిగిపోయాక స్కాలా అనే చిన్న థియేటర్లో నాలుగేళ్లకు పైగా ఆడింది. నాకు ఆ బాంబినో లెక్క కంటే ఈ స్కాలా సంగతే ఎక్కువ నచ్చుతుంది. మొదటి వారం జనం వచ్చారంటే అది పోస్టర్ల మహిమ కావచ్చు, పాటల మహిమ కావచ్చు, మూడో ఏడాది కూడా ఓ చిన్న హాలుకి టికెట్ కొనుక్కుని వస్తున్నారంటే వాళ్లు కథ తెలియక రావడం లేదు కదా, చూసినవాళ్లే మళ్లీ వస్తున్నారు, పెళ్లికి ముందు చూసినవాళ్లు పెళ్లయ్యాక జంటగా వస్తున్నారు. మనకూ 1978లో ‘మరోచరిత్ర’ మద్రాసు సఫైర్‌లో 596 రోజులు ఆడింది కాబట్టి, ఇలాంటి పిచ్చి ఎలా ఉంటుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. డైమండ్ జూబ్లీని నాలుగు రెట్లు దాటిపోయాక ‘ఆయినా’ని ఏమని పిలవాలో తెలియక క్రౌన్ జూబ్లీ అన్నారు. అంతకు సరిగ్గా పదకొండేళ్ల ముందు, అదీ మార్చి 18నే, వహీద్ మురాద్ ‘అర్మాన్’ విడుదలై పాకిస్తాన్‌కి మొదటి ప్లాటినం జూబ్లీ తెచ్చింది. అప్పట్లో అదే గొప్ప.

ఇంకో సంగతి. ఆ సినిమా విడుదలైన రోజులు మామూలు రోజులు కావు. 1977 మార్చి 7న పాకిస్తాన్‌లో ఎన్నికలు జరిగాయి, భుట్టో పార్టీ రిగ్గింగ్ చేసిందని ప్రతిపక్షాలన్నీ రోడ్డెక్కాయి. గొడవలు మొదలైన ఆ రెండో వారంలోనే ఈ సినిమా థియేటర్లకొచ్చింది. ఏప్రిల్‌లో కరాచీ, లాహోర్, హైదరాబాద్‌లలో మార్షల్ లా పెట్టారు (మన హైదరాబాద్ కాదు, సింధులో వాళ్లకూ ఒకటుంది). జులై 5న జనరల్ జియా ఏకంగా ప్రభుత్వాన్నే కూల్చేశాడు. ఊరు ఊరంతా టెన్షన్‌లో ఉన్నప్పుడు ఒక కుటుంబ కథ ఇలా ఆడిందంటే, బయటి గొడవ తట్టుకోలేక జనం ఇంటి గొడవ చూడ్డానికి వెళ్లారేమో అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహ, కొట్టిపారేయొచ్చు. కొట్టిపారేయలేనిది ఒకటుంది. 1965 యుద్ధం తర్వాత మన సినిమాలను అక్కడి థియేటర్లలోకి రానివ్వలేదు. బొంబాయి సినిమాతో పోటీ లేదు, వీడియోలు ఇంకా ఇంటింటికీ రాలేదు, ఉర్దూలో మంచి ప్రేమకథ చూడాలంటే వాళ్ల సినిమాయే దిక్కు. గెలుపులో ఆ వాటా కూడా ఉంది, ఒప్పుకోవాలి. కానీ ఆ పోటీ లేకపోవడమనేది ఆ ఏడాది విడుదలైన ప్రతి ఉర్దూ సినిమాకీ ఉన్నదే కదా, అన్నీ 401 వారాలు ఆడలేదే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, నాకు ఏళ్ల తరబడి బుర్రలో తిరుగుతున్నది ఇదే. ఉర్దూ సినిమాల్లోకెల్లా పెద్ద హిట్‌ని తీసిందెవరో చూడండి. దర్శకుడు నజ్రుల్ ఇస్లాం బెంగాలీ. హీరోయిన్ షబ్నం అసలు పేరు ఝర్నా బసాక్, ఢాకాలో హిందువుల ఇంట పుట్టిన అమ్మాయి. సంగీతం చేసిన రాబిన్ ఘోష్ ఆమె భర్త, ఆయన క్రైస్తవుడు, పుట్టింది బాగ్దాద్‌లో, పెరిగింది ఢాకాలో. ఈ ముగ్గురూ ఢాకా సినిమాల్లోంచి వచ్చినవాళ్లు. ఉర్దూని మా మీద రుద్దొద్దని 1952 ఫిబ్రవరి 21న కుర్రాళ్లు ప్రాణాలిచ్చిన ఊరు అది. 1971లో యుద్ధమై పాకిస్తాన్ రెండు ముక్కలైంది, ఢాకా ఉన్న వైపు బంగ్లాదేశ్ అయింది. ఆ తర్వాత ఆరేళ్లకే, ఆ విడిపోయిన వైపు మనుషులు, ఇవతలి వైపు ఉండిపోయి, ఉర్దూలో ఈ సినిమా తీస్తే, కరాచీ జనం నెత్తిన పెట్టుకున్నారు. విడిపోయిన ఒక జంట మళ్లీ కలిసే కథ తీసి! రాజకీయంగా దీనికి అర్థాలు తీయడం నాకు ఇష్టం లేదు, తీసేవాళ్లు తీస్తూనే ఉంటారు. కానీ సినిమా చూస్తున్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే మాత్రం కొన్ని సీన్లు వేరేగా తగులుతాయి.

ఇక హీరో. నదీం అసలు పేరు మీర్జా నజీర్ బేగ్. 1941లో పుట్టాడు. ఎక్కడో తెలుసా ఎడిటర్ గారూ, మా విజయవాడలో! నేను ఏ ఊళ్లో కూర్చుని ఆ క్యాసెట్ వేసి, ఎవరో మన కథ దొంగిలించారని తిట్టుకున్నానో, ఆ ఊళ్లో పుట్టినవాడే ఆ తెర మీద ఉన్నాడు. మాలో ఒక్కడికీ తెలియదు, ఆ మస్కట్ పెద్దాయనకీ తెలియదు, తెలిసుంటే చెప్పకుండా ఉండేవాడు కాదు. నాకిది తెలిసింది మొన్న మొన్ననే, ఓ పదేళ్లయిందేమో. చిన్నప్పుడే కుటుంబంతో అటు వెళ్లిపోయాడు, పాటలు పాడాలని ఢాకా చేరాడు, అక్కడ ఎహతేషాం అనే దర్శకుడు 1967లో ‘చకోరి’ సినిమాలో హీరోగా నిలబెట్టాడు, తర్వాత తన కూతుర్నిచ్చి పెళ్లి కూడా చేశాడు. పాడదామని వెళ్లినవాడు నటుడైపోయి దశాబ్దాల పాటు పాకిస్తాన్ సినిమాలో పెద్ద హీరోగా ఉన్నాడు. మనకు విజయవాడ అంటే సినిమా పంపిణీ ఆఫీసులు, గాంధీనగర్, మొదటి ఆటల హడావుడి. ఇక్కడ పుట్టిన ఒకాయన అవతలి దేశంలో అందరికంటే పెద్ద హిట్‌కి హీరో అన్న ముక్క మాత్రం ఏ సినిమా పేజీలోనూ నేను చూడలేదు, మీ పేపర్‌తో సహా.

సినిమా ఎలా ఉంటుందని అడుగుతారేమో. ఇప్పుడు మళ్లీ యూట్యూబ్‌లో చూశాను, ఈసారి గీతలు లేవు. నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల సాగుతుంది, కామెడీ ట్రాక్ నాకు నవ్వు తెప్పించలేదు. నదీం హోటల్లో పనిచేసే ఇక్బాల్, షబ్నం రీటా అనే డబ్బున్నింటి అమ్మాయి. గొడవ మొదలయ్యేది పెద్ద విలన్ ఎవరో వచ్చి కాదు, పుట్టింటివాళ్లు కూతురి మీద ప్రేమతో చేసే పనులు అల్లుడికి చిన్నతనంగా అనిపించడంలో మొదలవుతుంది. ఇద్దరి తప్పూ ఉంటుంది, ఇద్దరి న్యాయమూ ఉంటుంది. షబ్నం ఏడ్చే సీన్లలో కంటే ఏడుపు ఆపుకునే సీన్లలో బాగుంటుంది. మన వెర్షన్‌లో శ్రీదేవి ఇంకా మెరుపుగా ఉంటుంది, కాదనను, కానీ కృష్ణ గారు కృష్ణ గారిలాగే ఉంటారు, ఆ ఆత్మాభిమానం కాస్త హీరోయిజం అయిపోతుంది. నదీం మాత్రం నిజంగానే నెలజీతం లెక్కపెట్టుకునేవాడిలా ఉంటాడు. కృష్ణ అభిమానులు నన్ను తిట్టుకున్నా సరే, నేనూ అభిమానినే.

పాటల విషయంలో ఒకటి గమనించండి. కథ సరిహద్దు దాటింది గానీ పాటలు దాటలేదు. హిందీకి లక్ష్మీకాంత్ ప్యారేలాల్ తమ సొంత పాటలు కట్టారు, తెలుగులో చక్రవర్తి గారు. మనందరం పాడుకునే ‘వెన్నెలైనా చీకటైనా’ బాణీ ఆ హిందీ సినిమాది, ‘ఆయినా’ది కాదు. ఏసుదాసు, జానకమ్మ పాడిన ఆ పాటకు నేను ఇప్పటికీ టీవీ సౌండ్ పెంచుతాను. రాబిన్ ఘోష్ పాటలది వేరే దారి. వాద్యాలు గొంతు మీద పడవు, ఒక పక్కన నిలబడతాయి. మెహదీ హసన్ పాడాడు, ఆయన పుట్టింది రాజస్థాన్‌లో. ‘రూఠే హో తుమ్’ పాడిన నయ్యరా నూర్ పుట్టింది అస్సాంలోని గౌహతిలో. ఆవిడ గొంతులో ఆ పాట వినండి, అలిగిన మొగుణ్ణి బతిమాలడం అనేది ఇంత తక్కువ గొంతుతో చేయొచ్చా అనిపిస్తుంది. ఇక్కడ నేను చెప్పినవాళ్ల ఊళ్లు వరసగా రాసుకుంటే విజయవాడ, ఢాకా, బాగ్దాద్, రాజస్థాన్, గౌహతి, మధ్యలో కరాచీ ఎక్కడా తగలదు! టికెట్లు కొన్నది మాత్రం కరాచీయే.

ఇక దొంగతనం సంగతి. బొంబాయివాళ్లు కొట్టేశారు, మనం కొట్టేసినదాన్ని కొనుక్కున్నాం అని తేల్చేస్తే నాకూ ఉత్తరం తొందరగా అయిపోయేది. కానీ అద్దం తిప్పి చూస్తే ఇంకోటి కనపడుతుంది. డబ్బున్న అమ్మాయి, పేద హీరో, వేరుపడ్డ తల్లి, తండ్రి దగ్గర పెరిగే పిల్లవాడు, ఇది 1973లో శశి కపూర్, షర్మిలా ఠాగూర్ చేసిన ‘ఆ గలే లగ్ జా’లో ఉంది. దాన్నే మనం 1974లో శోభన్ బాబు, మంజులతో ‘మంచి మనుషులు’గా చూశాం. అంటే మనవాళ్లు ఒకే రకం ముడిని పదేళ్ల తేడాతో రెండుసార్లు చూసి, రెండుసార్లూ కర్చీఫ్ తడుపుకున్నారన్నమాట. ‘ఆయినా’ వాళ్లు ఆ హిందీ సినిమా చూశారా లేదా అని నేను తీర్పు చెప్పను, పోలిక ఉందని మాత్రం చెప్తాను. వింత ఏంటంటే, 1983లో వచ్చిన ‘గెహరీ చోట్’లో అదే శశి కపూర్, అదే షర్మిల, మన నదీం ముగ్గురూ కలిసి నటించారు. సెట్‌లో ఈ మాట ఎప్పుడైనా వచ్చి ఉంటే నాకు వినాలని ఉంది.

అయితే పోలిక వేరు, మక్కీకి మక్కీ వేరు. ‘ప్యార్ ఝుక్తా నహీ’ చెప్పి చేసిన రీమేక్ కాదు, చెప్పకుండా తీసుకున్నదే, ‘ఆయినా’ పక్కన పెట్టుకుని చూస్తే చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. మనది ఆ హిందీకి రీమేక్. అదే ఏడాది కన్నడంలో విష్ణువర్ధన్‌తో ‘నీ బరెద కాదంబరి’, మరుసటి ఏడాది తమిళంలో రజనీకాంత్‌తో ‘నాన్ అడిమై ఇల్లై’, అందులోనూ శ్రీదేవే. ఒక్క కథ, నాలుగు భాషల్లో కొత్త హీరోలు, కొత్త పోస్టర్లు. నాలుగింటి గురించి రాసేటప్పుడూ మన పత్రికలు హిందీ దగ్గర ఆగిపోతాయి. హాలీవుడ్ నుంచి ఎత్తేస్తే మాత్రం ఏ ఇంగ్లీషు సినిమా నుంచో, ఏ సీన్ నుంచో విడమరిచి రాస్తారు, అక్కడ పరిశోధన చేస్తారు. కరాచీ దగ్గరకొచ్చేసరికి కలం ఆగిపోతుంది. భయమో, నిర్లక్ష్యమో మీకే తెలియాలి. ఆ దేశంతో మనకున్న గొడవలు నాకూ తెలుసు, మా బంధువుల్లో సైన్యంలో పనిచేసినవాళ్లున్నారు. ఒక సినిమా ఎక్కడి నుంచి వచ్చిందో రాస్తే దేశభక్తి తగ్గిపోదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. కృష్ణ గారి గురించో, శ్రీదేవి గురించో మళ్లీ వేసేటప్పుడు ‘పచ్చని కాపురం’ పక్కన ఒక్క వాక్యం కలపండి, దీని మూలం 1977 నాటి ఉర్దూ సినిమా అనీ, దాని హీరో విజయవాడలో పుట్టాడనీ. రాబిన్ ఘోష్ 2016లో ఢాకాలో పోయారు, నయ్యరా నూర్ 2022లో కరాచీలో పోయారు, వాళ్లు పోయినప్పుడు మన పేపర్లలో నాకు రెండు లైన్లు కూడా కనపడలేదు. నదీం పుట్టిన ఊరు గురించి మీ విజయవాడ విలేకరి ఎవరైనా వన్‌టౌన్‌లో పాతవాళ్లని అడిగి చూస్తే ఇంకా బాగుంటుంది. ఆ కుటుంబం ఏ వీధిలో ఉండేదో తెలిసినవాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఉండొచ్చు, ఇంకో పదేళ్లాగితే ఉండరు.

ఆఖరుగా, ఇదే ముట్టుకోవద్దని మొదట్లో అడిగింది. మీరు ఈ ఉత్తరం వేస్తే పేరు ‘ఆయినా’ అని దీర్ఘం పెట్టి వేయమని మీ ప్రూఫ్ రీడర్‌కి ఒకసారి చెప్పండి. పదేళ్ల కిందట ఇదే విషయం మీద ఇంకో పత్రికకు నాలుగు ముక్కలు రాశాను. వాళ్లు వేశారు పాపం, కానీ దీర్ఘం తీసేసి, “కరాచీలో 401 వారాలు ఆడిన అయినా సినిమా” అని అచ్చేశారు. మర్నాడు మా వీధి చివర టీ బంకు దగ్గర నన్ను పట్టుకుని ఒకాయన అడిగాడు, “బాగానే రాశారు గానీ మాస్టారూ, అయినా ఏ సినిమా?” అని.

ఇట్లు,
పాత వీడియో లైబ్రరీ కుర్రాడు, విజయవాడ